అత్తగారి వల

మా అత్తగారికి ఒక వల ఉంది. పొడుగు 300 అడుగులు. ఆ వల వేసుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్టు ఒకటి, గుమ్మంలోంచి చూస్తే సముద్రం కనిపించే చెక్క ఇల్లు ఒకటి, మోటారు బిగించిన రేకు పడవ ఒకటి, ఉప్పుగాలికి తుప్పుపట్టిన ట్రక్కు ఒకటి – ఇదీ ఆవిడ ఆస్తి. మా సంసారం ఏడాదిలో పదిన్నర నెలలు పట్నంలో సాగితే, మిగిలిన ఆరువారాలూ ఆ వల పక్కన సాగుతుంది. పట్నంలో మావారి జీతం తిండికీ, అద్దెకీ సరి. పిల్లల చదువు దగ్గర్నుంచి చలికాలపు చమురు ఖర్చు వరకూ తక్కినవన్నీ ఆ ఆరువారాల్లో నీళ్ళలోంచి రావాలి. కార్తె తప్పితే పంట లేదన్న సంగతి మన రైతులకి ఒకరు చెప్పాలా? మాకూ అంతే. మా కార్తె జూన్‌లో వస్తుంది, జూలై దాటితే వెళ్ళిపోతుంది.

ఎక్కడిదీ చోటు అంటారేమో. అలాస్కా రాష్ట్రానికి నైరుతి దిక్కున బ్రిస్టల్ బే అని ఒక అఖాతం ఉంది. నక్నెక్, క్వీచాక్, ఎగెగిక్, ఉగాషిక్, నుషగాక్ మొదలైన నదులు అందులో కలుస్తాయి. వేసవి వచ్చేసరికి సముద్రంలోంచి కోట్లకొద్దీ సాకై సాల్మన్ చేపలు ఈ నదుల్లోకి ఎదురెక్కుతాయి. ఈ జాతి చేప ప్రపంచంలో మరెక్కడా ఇంత విస్తారంగా రాదు. 2022లో సుమారు 7 కోట్ల 90 లక్షలు వచ్చాయి. అంత పెద్ద రాక అంతకుముందు లెక్కల్లో ఎక్కడా లేదు. అందులో 6 కోట్లు వలల్లో పడ్డాయి.

ఏంకరేజ్ నుంచి విమానంలో కింగ్ సాల్మన్ అనే ఊరికి వచ్చి, అక్కణ్ణించి 15 మైళ్ళు రోడ్డున పోతే నక్నెక్. ఆ 15 మైళ్ళ రోడ్డు మరే పట్నం రోడ్డుతోనూ కలవదు. బియ్యం బస్తా కావాలన్నా విమానమో, ఓడో తేవాలి. మావారిది ఆ ఊరు. నాది ధవళేశ్వరం. చదువుకోవడానికి వెళ్ళినచోట పరిచయమై, రెండువైపుల పెద్దలూ సరేనన్నాక పెళ్ళయింది. అది వేరే కథ. దాంతో ఇక్కడ పనిలేదు.

మా అత్తగారి తండ్రి నార్వే నుంచి వచ్చిన పడవ మనిషి. తల్లి ఆ నేలమీదే పుట్టిన యూపిక్ స్త్రీ. కొత్తలో ఆవిడ నన్ను పేరుపెట్టి పిలవమన్నారు. నాకు నోరు రాలేదు. "అత్తయ్యా" అన్నాను. అర్థం అడిగితే చెప్పాను. "బాగానే ఉంది. పడవకి కెప్టెన్ అన్నట్టుంది" అన్నారు. అప్పణ్ణించీ మా రేవులో పనికి వచ్చే కుర్రాళ్ళు కూడా ఆవిణ్ణి అత్తయ్యా అనే పిలుస్తారు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా, నా చెవికి ఎందుకో తెలుగులోనే వినిపిస్తుంది.

ఆ ఆరువారాలూ మా ఇంట్లో వరసలు మారిపోతాయి. మావారు ఆవిడకి కొడుకూ కాదు, నాకు మొగుడూ కాదు. పడవ నడిపే మనిషి. నేను కోడల్ని కాదు. వలలోంచి చేపలు తీసే రెండు చేతులు. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, అమ్మాయికి తొమ్మిది. వాళ్ళకీ పనులున్నాయి, పనికి తగిన వాటాలూ ఉన్నాయి. ఎవరి వాటా ఎంతో అత్తగారు నోటుపుస్తకంలో రాస్తారు. మనవలు కదా అని ఒక డాలరు ఎక్కువ రాయరు, చిన్నవాళ్ళు కదా అని ఒక డాలరు తగ్గించరు.

మా వల పడవ మీదనుంచి విసిరే వల కాదు. ఒక కొస ఒడ్డున, రెండో కొస నీళ్ళలో లంగరుకి కట్టి, మధ్య తెరలాగా నిలబెడతాం. పైతాటికి బెండ్లు, అడుగుతాటికి సీసం. మా తీరాన ఆటుపోట్ల తేడా 20 అడుగులకి పైమాటే. పోటు మీద మూడు నిలువుల నీళ్ళున్నచోట, ఆటువేళకి మోకాటిలోతు బురద మిగులుతుంది. నీళ్ళుంటే పడవమీద, లేకపోతే నడిచివెళ్ళి చేపల్ని తీస్తాం. చేప తల వలకంతలో దూరి మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. చిన్న కొక్కెంతో దారం తప్పించి లాగాలి. ఒక్కొక్కటీ రెండు కిలోల పైచిలుకు. వందో చేప దాకా లెక్క గుర్తుంటుంది. ఆ తరవాత వేళ్ళు మొద్దుబారి, అవి మనవో పక్కవాళ్ళవో తెలియదు. తీసిన చేపని తీసినట్టే ఐసునీళ్ళలో వెయ్యాలి. కొనేవాళ్ళు క్రేనుతో సంచులకి సంచులు ఎత్తి తూచి, పర్మిట్టు కార్డు చూసి, చీటీ రాసిస్తారు. ఆ వేళల్లో అక్కడ పదకొండు దాటితేగాని పొద్దుపోదు. పొద్దుపోయినా చీకటి సరిగ్గా పడదు. పగలూ రాత్రీ అనేది లేదు; ఆటూ, పోటూ – అంతే.

ఇంతా చెప్పి అసలు పని చెప్పలేదు. అసలు పని కూర్చోవడం.

వల ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో మా ఇష్టం కాదు. రాష్ట్ర మత్స్యశాఖవారు రేడియోలో చెబుతారు. ఫలానా రేవులవాళ్ళు ఫలానా గంటకి వెయ్యండి, ఫలానా గంటకి తీసెయ్యండి అని. ఒక్కొక్కప్పుడు, మళ్ళీ చెప్పేవరకూ ఎవరూ వెయ్యవద్దని. నా మొదటి సీజన్లో అదే విన్నాను. వల పడవలో మడతలు పెట్టి సిద్ధంగా ఉంది. ఐసు వచ్చింది. పెట్రోలు పోశాం. గుమ్మం ముందు నీళ్ళలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎండలో వెండి డబ్బాలు దొర్లినట్టున్నాయి. రేడియో మాత్రం వద్దంటోంది. అత్తగారు పొయ్యి రాజేసి రొట్టెకి పిండి కలుపుతున్నారు.

"చేపలు పోతున్నాయి, అత్తయ్యా" అన్నాను.

"పోనీ. వాటిని పోనివ్వడానికే కూర్చున్నాం" అన్నారు.

మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. మావారు గుమ్మానికీ గట్టుకీ మధ్య బాట పడేటట్టు తిరిగారు. పక్క రేవులో ఎవరో రేడియోని తిట్టడం వినిపించింది. అత్తగారు పాతవల తీసి, చిరుగులు చూసి, నాకు ముడి నేర్పారు. నాకు తెలిసిన పని కాబట్టి త్వరగానే వచ్చింది. ధవళేశ్వరం గట్టుమీద వలలు బాగుచేసేవాళ్ళ పక్కన కూర్చుని నా చిన్నతనమంతా గడిచింది.

ఆ రేడియో మాట వెనక ఒక మంచె ఉంది. క్వీచాక్ నది ఇలియామ్నా అనే పెద్ద సరస్సులోంచి బయలుదేరుతుంది. ఆ మొదట్లో, ఇగియుగిగ్ అనే పల్లె దగ్గర, నదికి రెండు ఒడ్డులా మంచెలు కట్టారు. గంటకి ఒకసారి ఒక్కొక్క ఒడ్డున పది నిమిషాలపాటు మనిషి నిలబడి, కింద పోయే చేపల్ని కంటితో చూసి లెక్కపెడతాడు. ఆ పది నిమిషాల లెక్కని ఆరుతో హెచ్చవేస్తే గంటకి ఎన్నో తెలుస్తుంది. రాత్రీపగలూ ఇదే పని. నక్నెక్ నదిమీదా ఇలాగే. మన పొలాల్లో మంచెమీద కూర్చున్నవాడు పిట్టల్ని తోలతాడు. ఇక్కడి మంచెమీదివాడు చేపల్ని లెక్కపెట్టి పోనిస్తాడు. నక్నెక్ నదిలోకి కనీసం 8 లక్షలు, క్వీచాక్ నదిలోకి కనీసం 20 లక్షలు పోవాలని శాఖవారి లెక్క. పోయే జోరు సరిగ్గా ఉంటేనే మాకు వల.

ఎందుకింత పట్టుదల అంటే, ఆ చేప బతుకు అటువంటిది. అది గుడ్డులోంచి వచ్చేది పైన ఏరుల్లో, సరస్సు గట్ల కంకరలో. ఒకటి రెండేళ్ళు సరస్సులో పెరిగి సముద్రానికి పోతుంది. అక్కడ రెండు మూడేళ్ళు తిరిగి, తను పుట్టిన నీటికే తిరిగివచ్చి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. రెండోసారి రావడం లేదు. ఈ యేడు పైకి పోనివ్వని చేపకి నాలుగయిదేళ్ళ తరవాత పిల్లలు లేవు. రైతు ఎంత ఆకలిగా ఉన్నా విత్తనాల కుండ ముట్టుకోడు. మా రేడియో చెప్పేదీ అదే: విత్తనాలు తీసిపెట్టాక వండుకోండి అని.

ఈ బుద్ధి ఊరికే రాలేదు. బ్రిస్టల్ బేలో చేపల్ని డబ్బాల్లో పెట్టే కార్ఖానా మొట్టమొదట 1884లో వచ్చింది. తరవాత చాలాకాలం, పట్టినవాడిదే చేప. వచ్చిన చేపలో సగమైనా పైకి పోవాలని 1924లో చట్టం చేశారు. 1951 వరకూ ఇక్కడ మోటారు పడవలతో పట్టడం నిషేధం. మా అత్తగారి తండ్రి తెరచాప పడవలోనే పట్టారు. ఒక పడవకి ఇద్దరు మనుషులు, ఒక చాప, రెండు జతల తెడ్లు. అలాస్కా 1959లో రాష్ట్రమై, చేపల పెత్తనం తన చేతిలోకి తీసుకుంది. అయినా 1973లో అఖాతం మొత్తం మీద 10 లక్షల సాకై చేపలైనా పడలేదు. ఆ సంవత్సరమే రాష్ట్రం మరో చట్టం చేసింది: ఇకమీదట కొత్తవాళ్ళందరూ వచ్చి వల వెయ్యడానికి లేదు, ఇంతకాలం పట్టినవాళ్ళకే లెక్కప్రకారం పర్మిట్లు అని. అవి 1975లో చేతికి వచ్చాయి. అప్పటికి మా అత్తగారు ఇరవై అయిదేళ్ళ మనిషి. ఆ పర్మిట్టు అమ్ముకోవచ్చు, బిడ్డలకి ఇచ్చుకోవచ్చు. కౌలుకి ఇవ్వడానికి మాత్రం వీల్లేదు. ఎవరి పేర పర్మిట్టు ఉందో వాళ్ళే వల దగ్గర నిలబడాలి. పట్నంలో కూర్చుని మనిషిని పెట్టి పట్టిస్తానంటే కుదరదు.

ఇవన్నీ వింటూంటే నాకు పులస గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? పుస్తెలమ్మి అయినా పులస తినాలనే ఊళ్ళో పుట్టాను. అదీ సముద్రపు చేపే. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు రాగానే ఎదురెక్కుతుంది. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, గోదారి నీళ్ళు తాగాక పులస. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ దాని ప్రయాణానికి ధవళేశ్వరమే అడ్డుగోడ అయింది. ఆ ఆనకట్ట మా అందరికీ అన్నం పెట్టింది, కాదనను. కాని నా చిన్నప్పుడు మా అమ్మ బేరమాడి కొన్న పులస ఈనాడు వేలం పాటలో ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకుతోందంటే, చేప ప్రియమైందని కాదు, కరువైందని అర్థం. మా గట్టుమీద చేపని పట్టేవాళ్ళని చూశాను, కొనేవాళ్ళని చూశాను, వండి వార్చేవాళ్ళని చూశాను. ఎన్ని పైకి పోయాయో లెక్కపెట్టడానికి మంచె వేసుకుని కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు. ఈ సంగతి అత్తగారికి చెబితే ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "మీ ఊళ్ళోనూ మంచి వాళ్ళే ఉండి ఉంటారు. లెక్కపెట్టే జీతగాణ్ణి పెట్టుకోలేదు, అంతే" అన్నారు.

సరే, ఆ మొదటి సీజన్లో నాలుగోనాటి సాయంత్రం రేడియో కరుణించింది. తెల్లవారుజామున రెండున్నరకి వల వెయ్యమన్నారు. అప్పటికి నైరుతి గాలి లేచింది. పడవలో మావారు, అత్తగారు, నేను. వల దింపీ దింపకముందే బెండ్లు వరసగా మునగడం మొదలెట్టాయి. చేప తగిలినప్పుడల్లా నీళ్ళు తెల్లగా లేస్తున్నాయి. తీస్తున్నకొద్దీ తగులుతున్నాయి. పడవ నిండుతోంది, అంచుకీ నీటికీ మధ్య జానెడు ఎడం కూడా లేదు. అల ఒకటి వచ్చి మా ఒళ్ళో పడింది.

"చాలు. ఒడ్డుకి పోనీ" అన్నారు అత్తగారు.

"ఇంకా సగం వల ఉందమ్మా! నాలుగురోజులు కూర్చున్నాం" అని మావారు అరిచారు. గాలికి అరిస్తేగాని వినపడదు.

"నాలుగురోజులు కూర్చున్నవాళ్ళం ఇంకో ఆరుగంటలు కూర్చోలేమా?"

ఆవిడ గొంతు పెంచలేదు. మావారు పడవ తిప్పారు. ఒడ్డుకి చేరేలోగా రెండుసార్లు నీళ్ళు తోడి పోశాను. ఆ రోజు నీళ్ళలో మిగిలిన చేపల్లో కొన్నిటిని సీలులు కొరుక్కుపోయాయి, కొన్నిటి కళ్ళు సముద్రపు కాకులు పొడిచాయి. తక్కినవాటిని ఆటు వచ్చాక బురదలో నడిచివెళ్ళి తీసుకున్నాం. పోయినవాటి ఖరీదు ఎంతో మావారు లెక్క చెప్పారు. అత్తగారు విని, "మనం ముగ్గురం ఎంత ఖరీదో కూడా వెయ్యి" అన్నారు. ఆ లెక్క మావారు వెయ్యలేదు.

పని లేని రోజున అత్తగారు ఇంటి వాడకానికి చేపలు కోస్తారు. అర్ధచంద్రాకారంగా ఉండే యూపిక్ కత్తి ఆవిడది, వాళ్ళమ్మది. మన కత్తిపీట దగ్గరికి చేప వస్తుంది. ఈ కత్తి చేప దగ్గరికి వెళుతుంది. అంతే తేడా. ముక్కలు ఉప్పులో ఊరవేసి, పొగగదిలో వేలాడదీస్తారు. తలలూ, తోకముక్కలూ నాకు. చింతపండు ఇంటినుంచి తెచ్చుకుంటాను. దానిమ్మగింజ రంగు చేపతో పులుసు కాస్తే మొదటి యేడు అందరూ దూరంగా నిలబడి చూశారు. ఇప్పుడు నాకు తలకాయ మిగలడం లేదు.

ఇంత ఓపికా ఉన్న ఇంట్లో కూడా 2023లో తుపాను వచ్చింది. నీళ్ళమీద కాదు, ధర మీద. మా వ్యాపారంలో వింత ఏమిటంటే, చేప తూచి ఇచ్చేనాటికి ధర తెలియదు. సీజను ముప్పాతిక అయ్యాక కొనేవాళ్ళు చెబుతారు. 1988లో పౌనుకి రెండు డాలర్ల పైన పలికిన చేప ఇది. 2022లో డాలరూ పదిహేను సెంట్లు ఇచ్చారు. ఆ మరుసటి యేడు జూలైలో కబురు వచ్చింది: అర డాలరు. పౌనంటే అర కిలోకి తక్కువ. మా ఇంట్లో అయిదుగురం నిద్రమాని పట్టిన చేప ఒక్కొక్కటీ రెండున్నర డాలర్లు. పెట్రోలు ధర తగ్గలేదు, ఐసు ధర తగ్గలేదు, విమానం టిక్కెట్టు అసలే తగ్గలేదు. ఆ రాత్రి అత్తగారు నోటుపుస్తకం తెరిచి కూడికలు వేసి, తన వాటా గడిలో సున్న పెట్టి, పిల్లల వాటాలు మాత్రం రాసినవి రాసినట్టే ఉంచారు.

"పర్మిట్టు అమ్మేద్దామమ్మా" అన్నారు మావారు. పొగరుతో అన్న మాట కాదు. తల్లికి మోకాలు వంగడం లేదు. తనకి సెలవు దొరకడం యేటికేడాదికీ కష్టమవుతోంది. ఈ ఊరివాళ్ళు చాలామంది ఇదివరకే అమ్ముకుని వెళ్ళిపోయారు. కొన్నవాళ్ళలో దూరపు రాష్ట్రాలవాళ్ళూ ఉన్నారు. అమ్మితే వచ్చేది అంత పెద్ద మొత్తం కాకపోయినా, పిల్లల కాలేజీకి మొదటి మెట్టు. నేను ఎటూ చెప్పలేదు. ఎటు చెప్పినా ఒకరి ముద్ద లాక్కున్నట్టే ఉంది.

అత్తగారు ఆ రాత్రి జవాబు చెప్పలేదు. ఆగస్టులో ఇల్లు తాళం వేసేరోజున కాగితాలు తీసుకువచ్చి నా ముందు పెట్టారు. పర్మిట్టు నా పేర రాసి ఉంది.

"నీ కొడుక్కి కాదా, అత్తయ్యా?" అన్నాను.

"వాడు పట్నంలో ఉద్యోగం వదలలేడు. పేరున్న మనిషి ఇక్కడ నిలబడాలి కదా, చట్టం." అని ఒక నిమిషం ఆగి, "వాడికి లాగడం బాగా తెలుసు. నీకు కూర్చోవడం తెలుసు. లాగేవాళ్ళు ఎవరైనా దొరుకుతారు" అన్నారు.

మావారు పక్కనే ఉన్నారు. చిన్నబుచ్చుకుంటారేమోనని చూశాను. కలం మూత తీసి నా చేతికి ఇచ్చారు.

2024 జూన్‌లో కార్డు మీద నా పేరుతో వల దగ్గర నిలబడ్డాను. ఆ కార్డు అరచేతిలో ఇమిడిపోతుంది. ధర మళ్ళీ ఎప్పుడు లేస్తుందో, మా అమ్మాయి పెద్దదయ్యేసరికి ఈ చేప ఇలాగే వస్తుందో రాదో నేను చెప్పలేను. చెయ్యగలిగిందల్లా చేస్తున్నాం. గోడమీద ఒక నల్లబల్ల వేలాడదీశాం. రోజూ సాయంత్రం రేడియోలో మంచెల లెక్క చెప్పగానే అమ్మాయి సుద్దముక్కతో రాస్తుంది: నక్నెక్‌లో ఇవాళ ఎన్ని పోయాయి, మొత్తం ఎన్ని అయ్యాయి, క్వీచాక్‌లో ఎన్ని. అబ్బాయి ఇంకా ఎన్ని పోవాలో తీసివేసి చెబుతాడు. అత్తగారు కుర్చీలో కాలు చాపుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఇద్దరి లెక్కా సరిచూస్తారు. తప్పు ఉంటే చెరిపించి మళ్ళీ రాయిస్తారు.